కొండ వాలులో సెలవుల ఇల్లు కడుతున్నాం, లోపల ఎలా ఉంటే బాగుంటుందో చెప్పండి (తాటిపూడి వైపు)

తాటిపూడి_గట్టు:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం టౌను. గంట్యాడ మండలంలో తాటిపూడి రిజర్వాయరు దగ్గర, కొండ మొదలయ్యే చోట మాకు జీడిమామిడి తోట ఉంది. అందులో వాలు మీద, సెలవులకి వెళ్ళి ఉండటానికి చిన్న ఇల్లు మొదలుపెట్టాం. రెండు పడకగదులు, హాలు, వంటిల్లు, ముందు పొడుగాటి వసారా. పునాది, దాని మీద పోసే ప్లింత్ బీము అయ్యాయి, గోడలు ఇంకా లేవలేదు, కాబట్టి ఏ మార్పు చేసుకున్నా ఇప్పుడే చేసుకోవాలి.

మా కోరిక ఒక్కటే, లోపల కూర్చున్నా ఆ కొండలోనే ఉన్నామనిపించాలి. ఇంటీరియర్ చేసే ఒకాయన్ని పిలిచి ఇదే చెప్తే డిజైన్ గీసి చూపించాడు. హాల్లో ఒక గోడంతా అడవి బొమ్మ వాల్‌పేపర్, ఇంకో గోడకి ప్లాస్టిక్ ఆకులు, పైన జిప్సం ఫాల్స్ సీలింగు, కింద చెక్కలా కనిపించే టైల్సు, పడమర వైపు నేల నుంచి కప్పు దాకా ఒకటే అద్దం, మూలన ఫైర్‌ప్లేసు. నాకూ మా ఆవిడకీ మనసొప్పలేదు. కిటికీ తీస్తే అడవే కనిపిస్తుంటే గోడ మీద అడవి బొమ్మ దేనికి?

ఇంకో సంగతి. హాలు ఉత్తరం మూలకి డబుల్ కాట్ మంచమంత నల్లటి బండ ఒకటి అడ్డొచ్చింది. మేస్త్రి పగలగొట్టేద్దాం అంటున్నాడు. మా ఆవిడ ఉంచుదాం, హాల్లోనే కనిపించేలా కట్టుకుందాం అంటోంది. నేల, కప్పు, గోడలు, ఈ బండ, అన్నిటి గురించీ తెలిసినవాళ్ళు చెప్పండి.

సీతంపేట_మాస్టారు:

డిజైన్ సంగతి తర్వాత, ముందు ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. భూమి షెడ్యూల్డ్ ఏరియాలోది, అంటే ఏజెన్సీలోది, కాదు కదా? కొండ మీద ఇల్లు అనగానే చాలామంది అనంతగిరి, సీతంపేట, సాలూరు పైన ఊళ్ళలో ఎవరి పేరు మీదో కొనేసి కడుతున్నారు. 1970 నాటి 1వ రెగ్యులేషన్, మనం 1/70 అంటామే, దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి రాసిచ్చినా అది చెల్లదు, అమ్మినవాడు గిరిజనేతరుడైనా సరే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఈ చట్టం గురించే, అది మన పక్కనున్న బొర్రా వైపు గనుల లీజుల మీద వచ్చిన తీర్పు. ఒకళ్ళ నేల మీద కట్టిన ఇంట్లో ప్రకృతి ఎంత ఉన్నా నాకు నచ్చదు.

తాటిపూడి_గట్టు:

మంచి ప్రశ్న అడిగారు మాస్టారూ. మాది షెడ్యూల్డ్ గ్రామం కాదు, మా తాతగారి నాటి పట్టా, పాస్‌బుక్కు ఉంది. ఆ విషయంలో టెన్షన్ లేదు.

కొండగాలి:

నేను ఎస్.కోట దగ్గర కొండ పక్కన ఇలాంటి ఇంట్లోనే వస్తూ పోతూ ఉంటాను. మీరు నేల, కప్పు, గోడ అన్నీ అడిగారు గానీ అసలైంది అడగలేదండీ. మీరు లేనప్పుడు ఆ ఇల్లు ఏమవుతుంది? సెలవుల ఇల్లంటే ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉండే ఇల్లు. టౌను ఇంట్లో పొద్దున్న లేవగానే తలుపులు తీస్తాం, ఫ్యాన్లు తిరుగుతాయి, వంట వేడి ఉంటుంది, మనుషులు తిరుగుతారు, అందుకే చెమ్మ నిలవదు. కొండ కింద ఇల్లు జూన్ నుంచి అక్టోబరు దాకా మూసి పెట్టి ఒకసారి తీసి చూడండి. అలమార తీస్తే బట్టల మీద తెల్ల బూజు, బెల్టుల మీద పచ్చ బూజు, పరుపు ముక్కిన వాసన, తలుపులు ఉబ్బి పట్టేసి ఉంటాయి. మాకు అలమారలు చేసినాయన వాటర్‌ప్రూఫ్ ప్లై అని చెప్పి మామూలు ప్లై వేశాడు, రెండో వానాకాలానికి పొరలు పొరలుగా లేచిపోయింది. జిప్సం సీలింగు గురించి అయితే ఆలోచన కూడా పెట్టుకోకండి, చెమ్మకి మరకలు కట్టి బూజు పడుతుంది, పైన ఉన్న ఖాళీలో ఎలకలు కాపురం పెడతాయి.

అందుకని నా మాటల్లా ఇదే. తాళం వేసి ఉన్నా గాలి ఆడే ఇల్లు కట్టుకోండి. ప్రతి గదికీ ఎదురెదురు గోడల్లో, కప్పుకి కాస్త కింద, ఎప్పుడూ మూయని వెంటిలేటర్లు పెట్టించండి. వాటికి బయట వైపు పావంగుళం కన్నాల గట్టి జాలీ, లోపల వైపు తీసి కడుక్కునే దోమల నెట్టు. గబ్బిలాలు, ఉడతలు, పాములు మొదటి జాలీ దగ్గర ఆగుతాయి, దోమలు రెండో దాని దగ్గర. అలమారలకి మూసేసే తలుపులు వద్దు, పేము అల్లికో, సందులుండే పలకల లూవర్లో పెట్టించండి, అలమారని గోడకి రెండంగుళాలు ఎడంగా నిలబెట్టండి. మంచానికి కింద డబ్బాలు, సొరుగులు వద్దు. నన్నడిగితే ఒక గదిలోనైనా నులక మంచం వేయండి, కిందనుంచీ పైనుంచీ గాలి ఆడుతుంది, పరుపే అక్కర్లేదు.

తాటిపూడి_గట్టు:

మేడం, ఈ కోణంలో మేము అసలు ఆలోచించనే లేదు. వెంటిలేటర్లు ఎప్పుడూ తెరిచే ఉంటే జల్లు కొట్టదా?

చూరుకింద:

ఆ ప్రశ్నకి జవాబు చూరులో ఉంది. నేను విజయనగరంలోనే ఇళ్ళకి ప్లానులు గీస్తాను. ఈ మధ్య అందరూ డబ్బాల్లాంటి ఇళ్ళు కడుతున్నారు, గోడ ఎక్కడుందో కప్పు అక్కడే ఆగిపోతుంది. మన పాత పెంకుటిళ్ళు చూడండి, చూరు గోడ దాటి రెండు మూడడుగులు ముందుకి వంగి ఉంటుంది. ఇక భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా తీరం పొడుగునా ఉండే చుట్టిళ్ళయితే తాటాకు కప్పు ఇంచుమించు నేల దాకా దిగుతుంది, గాలికి ఎదురు నిలబడకుండా చుట్టూ జారిపోనిస్తుంది. మీరు మూడడుగుల చూరు దించితే ఎప్పుడో ఒక తుపాను జల్లు తప్ప మామూలు వాన వెంటిలేటరుని తాకదు. వేసవిలో గోడ మీద ఎండా పడదు.

అద్దం గోడ విషయానికొస్తే, పడమర వైపు మాత్రం వద్దు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మూడు దాటాక ఆ హాల్లో కూర్చోలేరు. పిట్టలు కూడా అందులో ఆకాశం చూసి వచ్చి కొట్టుకు చచ్చిపోతాయి. కొండ కనిపించాలంటే గోడంత అద్దం అక్కర్లేదు. కూర్చున్న మనిషి కంటి ఎత్తుకి, అంటే నేల నుంచి అడుగున్నర రెండడుగుల ఎత్తులో మొదలయ్యే వెడల్పాటి కిటికీ ఒకటి, దాని లోపలి అంచుని అరుగులా రెండడుగుల వెడల్పు కట్టండి. మనిషి కాళ్ళు చాపుకుని కూర్చోవాలి అక్కడ. ఇంట్లో అందరూ కొట్టుకునే చోటు అదే అవుతుంది, సోఫాలు పక్కకి పోతాయి. ఈ సైటులో మీ ఉత్తరం వైపు కొండ ఉన్నట్టుంది, అది మంచిదే, ఉత్తరం వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుంది, కళ్ళకి కొట్టదు.

బండ గురించి విడిగా రాస్తాను, ఇప్పుడు సైటుకి వెళ్ళాలి.

పాతగానుగ:

బాబూ, నేను బొబ్బిలి, పార్వతీపురం వైపు తాపీ పనులు చేయించినవాణ్ణి. ఇప్పుడు పని మానేశాను గానీ చెప్పాల్సింది చెప్తాను. వాలులో చదును చేయడానికి కొండ తవ్వే ఉంటారు. వెనక గోడకీ తవ్విన గట్టుకీ మధ్య ఎంత జాగా వదిలారు? చాలామంది గట్టుకి ఆనించి గోడ లేపేస్తారు, జాగా కలిసొస్తుందని. వానకి కొండ తాగిన నీరంతా ఆ గోడలోంచే లోపలికి దిగుతుంది, ఇక మీరు లోపల ఏ రంగు వేసినా ఏ చెక్క అతికించినా నిలవదు. మూడడుగులకి తక్కువ కాకుండా జాగా ఉంచండి, అందులో రాతి కాలువ కట్టి నీళ్ళు రెండు పక్కలకీ పోయేలా వాలు ఇవ్వండి. గట్టుకి రాతి కట్టడం కడితే నీళ్ళు కారే కన్నాలు మర్చిపోవద్దు. గోడ లేపేముందు, నేల చెమ్మ పైకి పాకకుండా ఆపే డీపీసీ పొర వేయించండి, గచ్చు పోసేముందు చెదల మందు కొట్టించండి. ఇవి ఎవరికీ కనిపించవు, కానీ మీ ఇంటీరియరంతా నిలబడేది వీటి మీదే.

గోడలకి సిమెంటు ప్లాస్టరు బదులు సున్నం చేయించగలరేమో చూడండి. సున్నం గోడ చెమ్మని పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది, సిమెంటు, దాని మీద పుట్టీ, ఆ మీద ప్లాస్టిక్ రంగు అయితే లోపల చెమ్మ లోపలే చిక్కుకుని పొక్కులుగా లేస్తుంది. సున్నానికి క్షారగుణం కాబట్టి బూజు కూడా అంత తొందరగా పట్టదు. పాతకాలంలో గానుగ పట్టి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవారు. మీరు అంత దూరం వెళ్ళకపోయినా, సున్నం బాగా నానాక ఇసకతో కలిపి రెండు పొరలుగా వేయించి, ఒక్కో పొర ఆరడానికి టైమిస్తే చాలు. తొందరపడే మేస్త్రికి ఈ పని ఇవ్వొద్దు. గాలిని పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడే సరుకది. దాని మీద మళ్ళీ ఎమల్షన్ రంగు వేయించారో, సున్నం వేసిన ఫలితమంతా పోయినట్టే. వెల్ల వేయండి, కింద రెండడుగులు ఎర్రమట్టి పట్టీ తీయించండి, మన పల్లెటూరి గోడలకి ఉంటుందే అలా. కాలి దుమ్ము, తడి మరక కనిపించవు, చూడ్డానికీ నిండుగా ఉంటుంది.

నేలకి నా ఓటు ఎర్ర గచ్చుకే. కాలికి చల్లగా ఉంటుంది, అరిగేకొద్దీ నునుపు తేలుతుంది. కాకపోతే దాన్ని చేసే చేతులు తగ్గిపోయాయి. చేసినవాడి పాత పని ఏదైనా చూసిగానీ ఒప్పుకోవద్దు. ఒక గది గచ్చు ఒకే రోజు, ఒకే జట్టు పూర్తి చేయాలి, మధ్యలో ఆపితే అతుకు జన్మలో పోదు. మూడు నాలుగడుగులకి ఒక పట్టీ పెట్టి గళ్ళుగా విడగొట్టకపోతే పగుళ్ళొస్తాయి.

టెక్కలి_రాయి:

పెద్దాయన చెప్పినదానికి అడ్డు కాదు గానీ, వసారాకి, మెట్లకి, స్నానాల గదికి మాత్రం రాయే మేలు. మా టెక్కలి నీలం గ్రానైటు గురించి వినే ఉంటారు. అందరూ అద్దంలా పాలిష్ పట్టించి వేయించుకుంటారు, వాన నీళ్ళు పడితే పిల్లలూ ముసలివాళ్ళూ జారిపడతారు. అదే రాయిని ఫ్లేమ్డ్ ఫినిష్‌లో తీసుకోండి, మంటతో పైపొర గరుకు చేస్తారు, కాలు పట్టు దొరుకుతుంది, రంగు కూడా రాయి రంగులా ఉంటుంది. లోపల గదుల్లోకి అయితే, అద్దంలా మెరవకుండా తోలులా ఉండే లెదర్ ఫినిష్.

ఇంకొకటి, మీ తోటలో తవ్వినప్పుడు వచ్చిన రాళ్ళు పారేయకండి. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైటు, కోదు గిరిజనుల పేరు మీదే ఆ పేరు పెట్టారు. లోపల ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి, అవి గార్నెట్లు. లోపలి గోడకి చాలా అందంగా ఉంటుంది, కానీ వానకీ గాలికీ తొందరగా అరుగుతుంది, ఒడిశాలో కోణార్క్ గుడి ఎక్కువ భాగం ఆ రాయితోనే కట్టారు, శిల్పాలు ఎంత అరిగిపోయాయో చూసినవాళ్ళకి తెలుసు. కాబట్టి బయటి మెట్లకి వాడొద్దు, హాల్లో ఒక గోడకి వాడండి. జిగురుతో అతికించే పలచటి క్లాడింగు వద్దు, నిజంగా రాతి గోడే కట్టించండి, సందుల్లో సున్నంతో దర్జు పూయించండి. ఒక్క గోడ చాలు. నాలుగు గోడలూ రాయి పెడితే వేసవిలో పగటి వేడంతా పట్టుకుని రాత్రి పడుకోనివ్వదు.

తాటిపూడి_గట్టు:

వెనక గట్టుకీ ప్లింతుకీ మధ్య ఇప్పుడు అడుగున్నరే ఉంది. రేపే మేస్త్రితో మాట్లాడి గట్టు ఇంకొంచెం వెనక్కి కోయిస్తాను. రాళ్ళు కూడా ఒక పక్కన పోగేయిస్తున్నాను. కప్పు గురించి ఇంకెవరూ చెప్పలేదు. మాకు తాటి దూలాలు, పెంకులు, లోపలనుంచి పెంకు కనిపించేలా ఉండాలని ఆశ.

ఉద్దానం_కొబ్బరి:

ఆ ఆశ వినడానికి బాగుంది గానీ నేను ఒప్పుకోలేను, క్షమించండి. మాది సోంపేట దగ్గర. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి మా ఊళ్ళో పెంకుటిళ్ళ మీద పెంకు నిలవలేదు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి, జీడి తోటలు పోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర దాటి అరకు లోయ దాకా వెళ్ళింది, అంటే మీ తాటిపూడి కొండలు దాని దారిలోనే ఉన్నాయి. కొండ అడ్డుగా ఉంటుంది కదా అనుకోవద్దు, కొండ సందుల్లో గాలి ఇంకా జోరుగా కొడుతుంది. మనుషులు పడుకునే గదుల మీద స్లాబు ఉండాలి. పెద్ద అద్దాలు పెడితే వాటి బయట చెక్క తలుపులు ఉండాలి, తుపాను హెచ్చరిక వచ్చినా మీరు అక్కడ ఉండరు కాబట్టి వెళ్ళేటప్పుడే మూసి బిగించి వెళ్ళాలి.

చూరుకింద:

ఉద్దానం అన్న చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కాదనలేను. కానీ రెండూ కుదిరే దారి ఉంది. కేరళలో స్థిరపడిన లారీ బేకర్ (1917-2007) బాగా వాడిన ఫిల్లర్ స్లాబు పద్ధతి. స్లాబులో కింది భాగంలో కాంక్రీటు పెద్దగా బరువు మోయదు, అక్కడ పనిచేసేది ఇనుమే. అందుకని చువ్వల మధ్య గళ్ళలో బెంగుళూరు పెంకులు బోర్లించి, పైన కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు తగ్గుతుంది, స్లాబు బరువు తగ్గుతుంది, పెంకు మధ్యలో చిక్కిన గాలి వల్ల వేడీ కొంత తగ్గుతుంది. కింద సెంట్రింగు తీశాక పైకి చూస్తే వరసగా ఎర్రటి పెంకులు కనిపిస్తాయి. దానికి ప్లాస్టరూ వద్దు, సీలింగూ వద్దు, రంగూ వద్దు. చువ్వల లెక్క మాత్రం ఇంజినీరు చేతే వేయించాలి, మేస్త్రి అంచనాతో కాదు.

పడకగదులు, హాలు మీద ఇది, అదీ ఏటవాలుగా. వసారా మీద మీ తాటి దూలాలు, పెంకులు. అక్కడ గాలికి నాలుగు పెంకులు లేచినా ప్రాణాలకి ప్రమాదం లేదు. దూలాలని స్తంభాలకి ఇనప పట్టీలతో బిగించండి, చూరు అంచు పెంకులు రెండు మూడు వరసలు తీగతో కట్టించండి.

ఇక బండ. అమ్మగారి ఆలోచన నాకు చాలా నచ్చింది. అమెరికాలో పెన్సిల్వేనియాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1930లలో జలపాతం మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ అనే ఇల్లుంది, అందులో నెగడు గూడు, అంటే ఫైర్‌ప్లేసు, ముందు నేలలోంచి అసలు బండే పైకి లేచి ఉంటుంది, చుట్టూ నేల వేశారు గానీ దాన్ని కదపలేదు. ఆ ఇంటికి చెమ్మ, లీకుల బాధ కూడా మొదటినుంచీ ఉంది, అదీ చెప్పాలి. బండ ఇంటి లోపలికీ బయటికీ పరుచుకుని ఉంటే, బయట పడిన వాన దాని ఒంటి మీదుగా, పగుళ్ళలోంచి లోపలికి నడిచొస్తుంది. ఏ సిమెంటు పెట్టినా బండకీ గచ్చుకీ మధ్య సందు మళ్ళీ విచ్చుకుంటుంది. కాబట్టి మీ బండ అంచు గోడ బయటికి వెళ్తోందా, లేక మొత్తం హాలు లోపలే ముగుస్తోందా, కొలిచి చెప్పండి.

తాటిపూడి_గట్టు:

ఇవాళ కొలిచాం. సగానికి పైగా బయటే ఉంది, కొండ వైపుకి పోతోంది. పైన ఒక పగులు కూడా ఉంది, అందులో చిన్న మర్రి మొక్క.

పాతగానుగ:

అయితే లోపలికి తేవద్దు బాబూ. మర్రి వేరు ఉన్న బండ, నీళ్ళకి దారి ఉన్న బండ. పగలగొట్టనూ వద్దు, మందు పెట్టి పేలిస్తే మీరు వేసిన కొత్త పునాది అదిరిపోతుంది. హాలు గోడని మూడడుగులు ఇవతలికి లాగండి, బండని వసారాలో వదిలేయండి.

చూరుకింద:

నేనూ అదే అంటాను. గోడ ఇవతలికి జరిపి, సరిగ్గా బండ ఎదురుగా ఆ అరుగు కిటికీ పెట్టండి. ప్లింత్ బీము అక్కడ కొంచెం మళ్ళీ వేయాల్సి వస్తుంది, ఖర్చే, కానీ హాలు అంతా ఆ కిటికీ చుట్టూ తిరుగుతుంది. వాన పడుతున్నప్పుడు తడిసిన నల్ల బండ, దాని మీద నాచు, ఎండలో బల్లులు, అన్నీ కూర్చున్న చోటినుంచి కనిపిస్తాయి. లోపల ఇక బొమ్మ పటం అక్కర్లేదు. మర్రి మొక్కని మాత్రం వేరుతో తీయించండి, లేకపోతే అదే రేపు గోడ చీలుస్తుంది.

పనసచెక్క:

బొబ్బిలి దగ్గర వడ్రంగం పని మాది. చెక్క గురించి నాలుగు మాటలు. గుమ్మాలకి, కిటికీలకి టేకు దొరికితే సరే, లేకపోతే వేగిస, మద్ది మంచివి. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే గుమ్మాలు, స్తంభాలు, దూలాలు విజయనగరం చుట్టుపక్కల దొరుకుతాయి, అవి ఎన్నో ఏళ్ళు ఆరిన కర్ర, ఇక వంకర పోదు, కొత్త కర్ర కన్నా వాటినే నమ్ముతాను. కొనేముందు ఉలితో ఒక మూల గీకి చెద ఉందేమో చూసుకోండి. తాటి దూలానికి బాగా ముదిరిన చెట్టు కావాలి, మధ్య గుజ్జంతా తీసేసి, నల్లటి చేవ భాగమే వాడాలి. లేత చెట్టు కోసి ఇచ్చేస్తారు, అది నాలుగేళ్ళు నిలవదు.

అరుగు కిటికీ పలకకి, అలమారల చట్రాలకి, భోజనం బల్లకి పనస వాడమంటాను. మా బొబ్బిలి వీణ చేసేది పనస కర్రతోనే, ఒకే మొద్దుని తొలిచి చేస్తారు. కొత్తలో పసుపుగా ఉంటుంది, గాలికీ వెలుతురికీ ఏళ్ళు గడిచేకొద్దీ చిక్కటి గోధుమ రంగుకి తిరుగుతుంది. దాని మీద పాలియురెథేన్ మెరుపు పూత వేయకండి, చెక్క చెక్కలా ఉండదు, చెమ్మకి పూత పొరలుగా లేస్తే మళ్ళీ మొత్తం గీకాలి. అవిసె నూనె పట్టించండి, ఏడాదికోసారి మీరే గుడ్డతో పూసుకోవచ్చు. నూనె పట్టిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో ముంచి పరిచి ఆరబెట్టి పారేయండి. ప్లై తప్పదనుకున్న చోట, వంటింట్లో, నీటికి తట్టుకునే ప్లైకి ఉండే ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకోండి, అంచులన్నీ సీల్ చేయించండి. చెమ్మ ఎక్కేది అంచులనుంచే.

వెదురు తడకలు లోపల వాడాలనుకుంటే ఇంకో జాగ్రత్త. పచ్చి వెదురులో పిండి పదార్థం ఉంటుంది, పుచ్చు పురుగు దానికోసమే వస్తుంది, కొన్నాళ్ళకి కింద తెల్ల పొడి రాలుతుంది. మూడేళ్ళు దాటిన బొంగు, చలికాలంలో నరికింది తీసుకుని, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి నీడన ఆరబెట్టాక అప్పుడు మేదరవాళ్ళ చేత అల్లించుకోండి. ఇప్పుడు సొంత పొలంలో పెరిగిన వెదురు నరకడానికి అటవీ శాఖ పర్మిట్ బాధ తగ్గింది, 2017లో కేంద్రం అటవీ చట్టం మార్చి అడవి బయట పెరిగే వెదురుని చెట్ల లెక్కలోంచి తీసేసింది.

కొండగాలి:

పనసచెక్క అన్నా, నూనె గుడ్డల సంగతి చెప్పినందుకు థాంక్స్, అది చాలామందికి తెలియదు.

గట్టు గారూ, ఫైర్‌ప్లేసు గురించి ఎవరూ మాట్లాడలేదు. లంబసింగిలో పెట్టుకుంటే అర్థముంది. మీ దగ్గర జనవరిలో ఒక దుప్పటి సరిపోతుంది, మిగతా ఏడాదంతా ఆ పొగగొట్టంలోంచి వాన నీళ్ళూ పక్షి గూళ్ళూ దిగుతుంటాయి. బయట తోటలో రాళ్ళు పేర్చి నెగడుకి ఒక చోటు చేసుకోండి. చలిగా ఉందని పడుకునే గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టి తలుపులు మూయకండి, ఆ పొగలేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

లైట్ల విషయం. లోపల 2700 కెల్విన్ ఉండే పసుపు వెలుగు బల్బులు పెట్టుకోండి, తెల్ల ట్యూబులు వద్దు. వసారాలో లైటు తలుపు నెత్తిన కాకుండా దూరంగా, కిందికి పడేలా పెట్టించండి. తొలకరి వానలకి ఉసిళ్ళు లైటుకి వచ్చి వాలతాయి, తలుపు మీదే లైటుంటే తలుపు తీయలేరు. కొండల్లో పిడుగులెక్కువ, ఎర్తింగు సరిగ్గా చేయించి, తాళం వేసేటప్పుడు మెయిన్ ఆపేసి వెళ్ళండి.

ఉద్దానం_కొబ్బరి:

పరుపులకి స్పాంజి వద్దు, కొబ్బరి పీచు పరుపులు చూడండి, మా వైపు పీచు పనికి కొదవలేదు. వెళ్ళేటప్పుడు నిలువుగా నిలబెట్టి వెళ్ళండి. జీడిమామిడి తోట అన్నారు కదా, పళ్ళు, పనస తొనలు వసారాలో వదిలి రావద్దు. మా ఉద్దానంలో ఎలుగులు వాటికోసమే ఇళ్ళ దాకా వస్తాయి. మీ దగ్గర ఎలుగు రాకపోయినా కోతులు తప్పకుండా వస్తాయి.

సీతంపేట_మాస్టారు:

గోడల అలంకారం గురించి ఒక మాట, ఇది నాకు చాలా ముఖ్యమైన సంగతి. ఈ మధ్య కొండ రిసార్టుల్లో సవర గిరిజనుల బొమ్మలు ప్రింటు తీసి వాల్‌పేపర్లుగా అతికిస్తున్నారు. సవరల ఇళ్ళలో ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో గీసే ఆ బొమ్మలు అలంకారానికి గీసినవి కావు, దేవుళ్ళకి, పెద్దలకి చేసే పూజలో భాగం. ఏది పడితే అది కాపీ కొట్టి బాత్‌రూమ్ తలుపు పక్కన పెట్టొద్దు. మీకు నిజంగా ఇష్టమైతే సీతంపేట వైపు గీసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని పిలిచి, ఇంట్లో ఏ గోడ మీద ఏం గీస్తే బాగుంటుందో వాళ్ళనే అడిగి, వాళ్ళ పనికి తగిన డబ్బులిచ్చి గీయించుకోండి. పాతగానుగ గారు చెప్పిన సున్నం గోడ, ఎర్రమట్టి పూత దానికి సరిగ్గా కుదురుతాయి.

కర్టెన్లకి పొందూరు ఖద్దరు వాడొచ్చు, పత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికిన నూలు. సన్నరకం ఖరీదెక్కువ, ముతకరకం చాలు, వెలుతురు అందులోంచి మెత్తగా దిగుతుంది. ఉతికితే ఆరుతుంది కూడా, సింథటిక్ కర్టెన్లు చెమ్మకి వాసన కొడతాయి. సరుబుజ్జిలి మండలంలో బూడితి ఊరివాళ్ళ కంచు, ఇత్తడి పని ఉంది, నీళ్ళ బిందో, పూల గంగాళమో ఒకటి తెచ్చుకోండి. ఎక్కువ వద్దు, చెమ్మకి నల్లబడతాయి, తోమడానికి మనిషుండాలి.

తాటిపూడి_గట్టు:

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా ఆవిడా నేనూ ఇదంతా మళ్ళీ చదువుకుని కూర్చున్నాం. వాల్‌పేపరు, జిప్సం, అద్దం గోడ, ఫైర్‌ప్లేసు అన్నీ తీసేశాం, ఇంటీరియర్ ఆయనకి చెప్పేశాం కూడా. హాలు గోడ ఇవతలికి జరుపుతున్నాం, బండ వసారాలో ఉంటుంది, దాని ఎదురుగా అరుగు కిటికీ. కప్పుకి ఫిల్లర్ స్లాబు లెక్క వేయమని ఇంజినీరు గారిని అడిగాం. పెద్ద పడకగదికి ఎర్ర గచ్చు, వసారాకి ఫ్లేమ్డ్ రాయి. సున్నం చేసే మేస్త్రి కోసం వెతుకుతున్నాం, పాతగానుగ గారూ, మీకు తెలిసినవాళ్ళుంటే మెసేజ్ పెట్టండి.

ఒక్క సందేహం మిగిలింది. వెంటిలేటర్లు గదికి ఎన్ని, ఎంత సైజు?

చూరుకింద:

పన్నెండడుగుల గదికి గాలి వచ్చే వైపు రెండు, ఎదురు గోడకి రెండు, ఒక్కోటి రెండడుగుల వెడల్పు, అడుగు ఎత్తు పెట్టుకోండి. ఎదురు గోడవి కాస్త పైకి ఉంటే వేడి గాలి తేలిగ్గా బయటికి పోతుంది. స్నానాల గదికి విడిగా ఒకటి తప్పనిసరి. లింటెల్ పోసేముందే మేస్త్రికి గోడ మీద సుద్దతో గుర్తులు పెట్టి చూపించండి, నోటితో చెప్తే మర్చిపోతారు.

పాతగానుగ:

బాడంగి దగ్గర సున్నం పని తెలిసిన ముసలాయన ఒకరున్నారు బాబూ, కొడుకు కూడా నేర్చుకున్నాడు. సంక్రాంతి దాకా వేరే పని మీద ఉన్నారు. మీ గోడలు అప్పటికి లేస్తాయి కాబట్టి సరిపోతుంది. వివరాలు విడిగా పంపాను, చూసుకోండి.